బైదులో మన మిర్చి కనిపించాలంటే? కోదాడ నుంచి ఒక చైనా ఎస్ఈఓ అనుభవం

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. కానీ చైనా రామ్ ఉన్న ఫోన్ ఎప్పుడైనా తెప్పించుకుని వాడినవాళ్లకి ఈ టాపిక్ ఈజీగా ఎక్కుతుంది. బాక్స్ ఓపెన్ చేసి ఫోన్ ఆన్ చేయగానే ప్లే స్టోర్ ఉండదు, జీమెయిల్ ఉండదు, బ్రౌజర్‌లో ఏదైనా వెతికితే బైదు రిజల్ట్స్ వస్తాయి. మనం గంటలో గ్లోబల్ రామ్ ఫ్లాష్ చేసేసి హమ్మయ్య అనుకుంటాం. చైనాలో ఉన్న మనిషికి ఆ ఫోనే మామూలు ఫోన్. ఆ ఫోన్‌లో మన ఊరి వ్యాపారం వెబ్‌సైట్ కనిపించాలంటే ఏం చేయాలి అన్నదే ఇవాళ్టి విషయం.

ఇది నా నెత్తిన ఎలా పడిందో ముందు చెప్తా. నాది సూర్యాపేట. మా మేనమామది కోదాడ, మిర్చి వ్యాపారం. ఖమ్మం యార్డులో, చుట్టుపక్కల ఊళ్లలో తేజ రకం కొని, తొడిమెలు తీయించి, గ్రేడింగ్ చేసి చాలా ఏళ్లు పెద్ద ఎగుమతిదారులకి ఇచ్చేవాడు. ఈమధ్యే సొంత పేరు మీద ఎగుమతి మొదలుపెట్టాడు. తేజ మిర్చి అంటే చైనా మార్కెట్ గుర్తుకురావాల్సిందే. మన దేశం నుంచి ఎండుమిర్చి ఎక్కువగా కొనేది వాళ్లే. కొంత వంటలోకి, కొంత కారం ఘాటు తీసే ఓలియోరెసిన్ ఫ్యాక్టరీలకి పోతుంది. మధ్యలో ఇద్దరు ముగ్గురు బ్రోకర్లు ఉంటారు, ప్రతి ఒక్కరికీ కమీషన్. నేరుగా ఒక్క కొనుగోలుదారు దొరికినా సీజన్‌కి మిగిలేది వేరుగా ఉంటుందని మామ ఆశ.

ఒకరోజు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు. ఒక ఏజెన్సీ ఇచ్చిన కొటేషన్. "చైనా ఎస్ఈఓ ప్యాకేజీ, ఆరు నెలల్లో బైదు మొదటి పేజీ, గ్యారంటీ." ఖరీదు మూడున్నర లక్షలు. కింద మామ వాయిస్ మెసేజ్: "అల్లుడూ, సైట్ చేసింది నువ్వే కదా. రెండేళ్లయింది, చైనా నుంచి ఒక్క మెయిల్ రాలే. ఇది కట్టమంటావా వద్దా? ఆదివారం కల్లా చెప్పు."

మూడున్నర లక్షలంటే మామకి చిన్న మొత్తం కాదు. పైగా నేను కట్టిన సైట్ మీద వేలు చూపిస్తున్నాడు. ఆదివారం కల్లా చెప్పలేకపోయా. మూడు వారాలు పట్టింది.

మొదటి టెస్టులోనే పరువు పోయింది

మన దగ్గర కూర్చుని చైనాలో సైట్ ఎలా కనిపిస్తుందో చూడటం కష్టం. ఆన్‌లైన్ టెస్టింగ్ టూల్స్ ఉన్నాయి, కానీ అవి ఇచ్చే నంబర్ వేరు, మనిషి చేతిలో ఉన్న ఫోన్ వేరు. అదృష్టంకొద్దీ మన జిల్లాల నుంచి చైనాలో ఎంబీబీఎస్ చదివే పిల్లలు తక్కువేం లేరు. కోదాడలో మామ వాళ్ల వీధి కుర్రాడే ఒకడు అక్కడ చదువుతున్నాడు. వాడిని పట్టుకున్నా.

ఇక్కడ ఒక టిప్. మన ఇండియా సిమ్ రోమింగ్‌లో పెట్టుకుని చైనాలో టెస్ట్ చేస్తే ఫలితం తప్పు వస్తుంది. రోమింగ్ డేటా మన ఆపరేటర్ నెట్‌వర్క్ మీదుగా బయటికి పోతుంది కాబట్టి గూగుల్ కూడా ఓపెన్ అవుతుంది. అక్కడి లోకల్ సిమ్ ఉండాలి, వీపీఎన్ ఆఫ్ చేయాలి. అలా చేసి స్క్రీన్ రికార్డింగ్ పంపమన్నా.

వీడియో వచ్చింది. తెల్ల స్క్రీన్. పది సెకన్లు, ఇరవై, నలభై. తర్వాత మామ కంపెనీ లోగో ఒక్కటి వచ్చింది. ఇంకో అర నిమిషానికి మిర్చి ఫొటో సగం. వీడియో చివర్లో వాడి గొంతు: "అన్నా, ఇంకా చూడాలా?"

తప్పు ఎవరిదో వెతకాల్సిన పనిలేదు, నాదే. రెండేళ్ల క్రితం కొత్తగా రియాక్ట్ నేర్చుకున్న ఊపులో మిర్చి సైట్ మొత్తాన్ని సింగిల్ పేజ్ యాప్‌గా కట్టా. స్క్రిప్టులు గూగుల్ సర్వర్ల నుంచి లోడ్ అయ్యేవి. మామ గోడౌన్ వీడియో యూట్యూబ్ ఎంబెడ్. అడ్రస్ గూగుల్ మ్యాప్. కాంటాక్ట్ ఫామ్‌కి రీక్యాప్చా. కింద మెరుస్తూ ఆకుపచ్చ వాట్సాప్ బటన్. చైనాలో యూట్యూబ్, గూగుల్ మ్యాప్స్, వాట్సాప్, ఫేస్‌బుక్ ఏవీ పనిచేయవు. బ్రౌజర్ మాత్రం వాటి జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది, ఆ సర్వర్ పలకదు, పేజీ ఆగిపోతుంది. ఆర్డర్ ఇద్దామని వచ్చిన మనిషికి ఫామ్ పంపే దారి లేదు, వాట్సాప్ చేసే దారి లేదు.

అంటే సెర్చ్ ఇంజిన్ ర్యాంకింగ్ దాకా మనం పోనేలేదు. ఎవరైనా లింక్ చేతికిచ్చినా సైట్ తెరుచుకోదు. మూడున్నర లక్షలు కట్టి బైదులో మొదటి పేజీకి తెచ్చినా, క్లిక్ చేసినవాడికి దొరికేది తెల్ల స్క్రీనే. కొటేషన్‌లో ఈ విషయం గురించి ఒక్క లైను లేదు.

బైదు గూగుల్‌లా ఎందుకు ఉండదు

బైదుని 2000 జనవరిలో రాబిన్ లీ, ఎరిక్ షూ మొదలుపెట్టారు. రాబిన్ లీ అంతకు ముందే, 1996లో, లింకుల ఆధారంగా పేజీలకి ర్యాంకు ఇచ్చే ర్యాంక్‌డెక్స్ అనే పద్ధతి తయారుచేశాడు. గూగుల్ పేజ్‌ర్యాంక్ కంటే ముందు మాట ఇది. ఆ తర్వాత గూగుల్ 2010లో చైనా సెర్చ్ సర్వీసుని హాంకాంగ్‌కి మళ్లించి వెనక్కి తగ్గింది. అలా బైదుకి మైదానం ఖాళీ అయింది. ఇప్పుడు పోటీ లేదని కాదు. టెన్సెంట్ చేతిలో సోగో ఉంది, 360 సెర్చ్ ఉంది. అలీబాబా వాళ్ల షెన్మా ఉంది. షెన్మా పేరు మీకు తెలియకపోవచ్చు, కానీ దాన్ని పెట్టుకుని తిరిగే బ్రౌజర్ మీకు బాగా తెలుసు: యూసీ బ్రౌజర్. 2జీ రోజుల్లో మనందరం పాటలు డౌన్‌లోడ్ చేసుకున్నది దాంట్లోనే.

గూగుల్ ఎస్ఈఓ తెలిసినవాళ్లు బైదు దగ్గర తడబడేది కొన్ని చోట్లే. జావాస్క్రిప్ట్ ఒకటి. గూగుల్ బాట్ పేజీని రెండర్ చేసి చదువుతుంది. బైదు క్రాలర్ ఆ విషయంలో బాగా వెనక ఉంది, సోర్సులో అక్షరాలు కనిపించకపోతే ఖాళీ పేజీ కిందే లెక్క. నా రియాక్ట్ సైట్ దానికి ఖాళీ కాగితం అన్నమాట. రెండోది, భాషల కోసం మనం పెట్టే హెచ్‌రెఫ్‌ల్యాంగ్ ట్యాగ్‌ని బైదు పట్టించుకోదు. ఇంగ్లిష్ పేజీకి, చైనీస్ పేజీకి మధ్య సంబంధం అదే కనుక్కుంటుందిలే అనుకోవద్దు. చైనీస్‌కి వేరే ఫోల్డరో, సబ్‌డొమైనో ఇచ్చి అక్కడ పూర్తిగా సరళ చైనీస్ లిపిలోనే రాయాలి. తైవాన్, హాంకాంగ్‌లో వాడే సంప్రదాయ లిపి పెడితే మెయిన్‌ల్యాండ్ కొనుగోలుదారు వెతికే అక్షరాలకి అది సరిగ్గా కలవదు.

అన్నిటికంటే పెద్ద గోడ ఐసీపీ నంబర్. చైనా మెయిన్‌ల్యాండ్‌లో సర్వర్ పెట్టాలంటే అక్కడి ప్రభుత్వం దగ్గర సైట్ రిజిస్టర్ చేసి ఒక నంబర్ తీసుకోవాలి. చైనా సైట్లు చూస్తే అడుగున చిన్న అక్షరాల్లో ఆ నంబర్ కనిపిస్తుంది. ఇది లేకుండా అక్కడి హోస్టింగ్ ఇవ్వరు, చైనా లోపలి సీడీఎన్ పాయింట్లు కూడా వాడుకోనివ్వరు. చైనాలో కంపెనీ రిజిస్ట్రేషన్ లేని కోదాడ మిర్చి వ్యాపారికి ఆ నంబర్ రాదు. బైదు వెబ్‌మాస్టర్ టూల్స్‌కి వెళ్దామంటే అకౌంట్ తెరవడానికే సాధారణంగా చైనా మొబైల్ నంబర్ అడుగుతుంది. ఐసీపీ లేని విదేశీ సైట్‌ని బైదు ఇండెక్స్ చేయదని కాదు, చేస్తుంది. కానీ బయటి సర్వర్ నుంచి నెమ్మదిగా వచ్చే పేజీ, లోకల్ సైట్ల వరుసలో పైకి రావడం చాలా కష్టం. పైగా మొదటి పేజీలో బైదు సొంత సరుకే బోలెడు ఉంటుంది. విజ్ఞానసర్వస్వం బైకే, ప్రశ్నలు జవాబుల జిదావ్, చర్చల తియెబా. పైన యాడ్స్.

ఆ యాడ్స్ గురించి ఒక మాట. 2016లో వే జెషీ అనే 21 ఏళ్ల విద్యార్థి అరుదైన క్యాన్సర్‌తో చనిపోయాడు. బైదులో పైన కనిపించిన ఆసుపత్రిని నమ్మి డబ్బు పోగొట్టుకున్నానని అతను ముందే రాసిపెట్టాడు. దేశమంతా గొడవైంది. ప్రభుత్వం విచారణ జరిపి, పేజీలో యాడ్స్ 30 శాతం దాటకూడదని చెప్పింది. "మొదటి పేజీ గ్యారంటీ" అని ఎవరైనా అన్నప్పుడు అది మామూలు రిజల్టా, డబ్బు కట్టిన యాడా అని అడగాలి. నేను మామ తరఫున ఆ ఏజెన్సీకి ఫోన్ చేసి ఇదే అడిగా. ఐసీపీ ఎవరి పేరు మీద తీస్తారని కూడా అడిగా. "అవన్నీ మా టీమ్ చూసుకుంటుంది సార్" అన్నారు. రెండోసారి అడిగితే మళ్లీ కాల్ చేస్తామన్నారు. ఇప్పటికీ చేయలేదు.

మిర్యాలగూడ నూకల కథ

ఇదే సమయంలో మిర్యాలగూడలో నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్‌ని కలిశా. వాళ్లది రైస్ మిల్లు. మిర్యాలగూడ సంగతి తెలిసిందే కదా, ఏ రోడ్డు పట్టినా మిల్లు గొట్టం కనిపిస్తుంది. వాడు నవ్వుతూ తన సైట్‌లోని చైనీస్ పేజీ చూపించాడు, 2021లో చేయించింది.

అప్పట్లో దాని వెనక కారణం ఉంది. మన నాన్‌బాస్మతి బియ్యానికి చైనా 2018లో దారి తెరిచింది. 2020 డిసెంబర్‌లో, కొన్ని దశాబ్దాల తర్వాత మొదటిసారి, దాదాపు లక్ష టన్నుల నూకలు కొనడానికి ఒప్పందాలు కుదిరాయి. మరుసటి ఏడాది మన నూకలు ఎక్కువగా కొన్న దేశం చైనాయే. నూడుల్స్‌కి, సారాయికి, పశువుల దాణాకి వాడుకున్నారు. మిల్లులో అడుగున మిగిలే సరుక్కి చైనా గిరాకీ అనేసరికి మావాడు చైనీస్ పేజీ పెట్టించాడు. 2022 సెప్టెంబర్‌లో మన ప్రభుత్వం నూకల ఎగుమతి నిషేధించింది. మళ్లీ 2025 మార్చిలో ఎత్తేసింది. మధ్యలో రెండున్నరేళ్లు ఆ పేజీ అమ్మడానికి వీల్లేని సరుకుని ప్రచారం చేస్తూ కూర్చుంది.

ఇంకో తమాషా. బియ్యం విషయంలో చైనా మన మిల్లులన్నిటి దగ్గరా కొనదు, తాను ఆమోదించిన జాబితాలో ఉన్న మిల్లుల దగ్గరే కొంటుంది. మావాడి మిల్లు ఆ జాబితాలో లేదు. "మరి పేజీ ఎందుకు పెట్టావురా?" అంటే, "పెట్టిస్తామని వచ్చారు, పెట్టించా" అన్నాడు. ఆ మాట విన్నాక మామ కేసులో నేను ముందు కాగితాలు అడగడం మొదలుపెట్టా, కీవర్డ్స్ తర్వాత.

మిర్చికి కాగితం ఏంటంటే, 2022 జనవరి 1 నుంచి చైనాకి ఆహార పదార్థాలు పంపే విదేశీ కంపెనీలు అక్కడి కస్టమ్స్ శాఖ దగ్గర రిజిస్టర్ కావాలి. ఆ నంబర్ ప్యాకింగ్ మీద ఉండాలి. మామకి నంబర్ ఉంది. ఎక్కడుంది అంటే బీరువాలో, ఫైల్‌లో. సైట్‌లో ఎక్కడా లేదు! చైనా కొనుగోలుదారు మొదట అడిగేది అదే.

మేం నిజంగా చేసిన పని

బైదులో "ఎండుమిర్చి" అనే మాటకి పైకి రావాలన్న ఆలోచన వదిలేశా. మామకి అలాగే చెప్పా. కాస్త నిరాశపడ్డాడు. దాని బదులు, మామ పేరు ఇప్పటికే విన్నవాడు వెతికితే సైట్ దొరకాలి, దొరికినప్పుడు తెరుచుకోవాలి, తెరుచుకుంటే నమ్మకం కుదరాలి. ఈ మూడింటికే పనిచేశాం.

రియాక్ట్ పీకేసి మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు పెట్టా. ఫాంట్లు, స్క్రిప్టులు అన్నీ మా సర్వర్‌లోనే. వీడియోని కుదించి అక్కడే పెట్టా. మ్యాప్ బదులు ఒక బొమ్మ: హైదరాబాద్, విజయవాడ, మధ్యలో కోదాడ, కింద కృష్ణపట్నం, చెన్నై రేవులు. రీక్యాప్చా తీసేసి ఒక చిన్న లెక్క ప్రశ్న పెట్టా. గూగుల్ వాళ్లే చైనాలాంటి చోట్ల వాడుకోమని రీక్యాప్చా డాట్ నెట్ అనే వేరే అడ్రస్ ఇచ్చారు, అది కూడా వాడొచ్చు. హోస్టింగ్ అమెరికా నుంచి హాంకాంగ్‌కి మార్చా, అక్కడైతే ఐసీపీ అక్కర్లేదు. మన కుర్రాడు మళ్లీ రికార్డింగ్ పంపాడు. ఆరు సెకన్లు. మెరుపు వేగం కాదు కానీ మిర్చి ఎర్రగా కనిపించింది.

భాష పని నేననుకున్నదానికంటే ఎక్కువ పట్టింది. చైనీస్‌లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. మన సంధుల్లాగే ఎక్కడ విడగొట్టాలో సెర్చ్ ఇంజినే తేల్చుకోవాలి. అందుకని వ్యాపారులు రోజూ రాసే మాట అచ్చంగా అదే వరుసలో ఉండాలి. ఇండియా ఎండుమిర్చిని వాళ్లు "యిన్‌దు గాన్ లాజియావ్" అంటారు. తేజ అన్న పేరు కంటే ఎస్17 అన్న పేరే ఆ వ్యాపారంలో ఎక్కువ నడుస్తుంది. ట్రాన్స్‌లేటర్‌లో తొడిమె లేని మిర్చి అని కొడితే మొక్క కాండం లేని అన్న అర్థం వచ్చే మాట ఇచ్చింది. వ్యాపారులు మాత్రం "వూ బా" అని రాస్తారు, అంటే పిడి లేనిది. మనం కత్తికి పిడి అంటామే, అలాంటి మాట. ఇది చెప్పింది ఏ టూలూ కాదు, మామ పాత బ్రోకర్ దగ్గర ఉన్న చైనా ఇన్వాయిస్‌లు. వాటిలోని మాటలే టైటిల్‌లో పెట్టాం, ముప్పై అక్షరాల లోపు.

అసలు కిటుకు మాత్రం పేరులో ఉంది. మామ కంపెనీకి చైనీస్ పేరు లేదు. ఇన్వాయిస్‌లు చూస్తే ఒకదాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నారు. అక్కడి మనిషి ఇంగ్లిష్ పేరు టైప్ చేసి వెతకడు కదా. పలకడానికి తేలికగా ఉండే నాలుగక్షరాల పేరు ఒకటి ఖాయం చేసి, మెయిన్‌ల్యాండ్‌లో పెరిగిన మనిషితో చదివించి తప్పుడు అర్థం లేదని చూసుకుని, అదే పేరు సైట్‌లో, విజిటింగ్ కార్డ్ మీద, ఇన్వాయిస్‌లో, గోనె సంచి మీద కస్టమ్స్ నంబర్ పక్కన అచ్చు వేయించాం. పక్కనే సైట్ క్యూఆర్ కోడ్. ఎస్ఈఓలో మనం బ్యాక్‌లింక్స్ అంటూ తల బద్దలు కొట్టుకుంటాం. ఇక్కడ ఒక కంటైనర్ వెళ్లిందంటే వందల బస్తాలు, ప్రతి బస్తా మీదా లింకే. ఆ పేరుకి పోటీ ఎవరూ లేరు కాబట్టి ఐసీపీ లేకపోయినా వెతికితే దొరకడానికి అవకాశం ఉంది.

సెర్చ్ ఇంజిన్లలో మేం నేరుగా ముట్టుకున్నది బింగ్‌ని. అవును, బింగ్! మనం నవ్వుకునే ఆ బింగే చైనాలో చట్టబద్ధంగా నడుస్తున్న విదేశీ సెర్చ్ ఇంజిన్. ఆఫీస్ కంప్యూటర్లలో విండోస్, ఎడ్జ్ ఉంటాయి, వ్యాపారం చేసేవాళ్లు కూర్చునేది అక్కడే. వెబ్‌మాస్టర్ టూల్స్ మన ఇండియా అకౌంట్‌తోనే ఫ్రీగా తెరుచుకుంటాయి, చైనా నంబర్ అడగదు. సైట్‌మ్యాప్ ఇచ్చిన తొమ్మిదో రోజున చైనీస్ పేజీలు ఇండెక్స్ అయ్యాయి. బైదుకి చేరడానికి రెండు నెలలు దాటింది, అదీ హోమ్ పేజీ ఒక్కటే.

తీరని చిక్కు ఒకటుంది. వీచాట్. చైనాలో వ్యాపారం మాట్లాడుకునేది అందులోనే, చాలామంది వెతుక్కోవడం కూడా అందులోనే. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ ఉంది, యూసీ బ్రౌజర్ ఉంది, బైదు మ్యాప్, బైదు ట్రాన్స్‌లేట్ కూడా ఉన్నాయి. అటు వాళ్లకి వాట్సాప్ లేదు, ఇటు మనకి వీచాట్ లేదు. దొడ్డిదారి చెప్పమని కొందరు అడుగుతారు, నేను చెప్పను, మామకీ చెప్పలేదు. సొంత డొమైన్ మెయిల్, ఫోన్ నంబర్ పెద్ద అక్షరాల్లో పెట్టాం, అంతే.

మొత్తం ఖర్చు చెప్పాలి కదా. హాంకాంగ్ హోస్టింగ్ ఏడాదికి తొమ్మిది వేలు, చైనీస్ రాత సరిచేసినవాళ్లకి పన్నెండు వేలు, సంచుల మీద అచ్చు మార్చడానికి కొత్త బ్లాకు నాలుగు వేలు. మన మెడికల్ కుర్రాడు డబ్బు వద్దన్నాడు, సెలవులకి వచ్చినప్పుడు బిర్యానీ బాకీ. నా పని ఫ్రీ, ఎందుకంటే పాడుచేసింది నేనే.

నాలుగు నెలల్లో చైనా నుంచి మూడు మెయిల్స్ వచ్చాయి. ఒకటి మనకే సంచులు అమ్ముతామని. రెండోది రేటు అడిగి మాయమైంది. మూడోది మాత్రం చైనీస్‌లో, మామ కంపెనీ కొత్త పేరుతో మొదలైంది. వేరే వ్యాపారి గోడౌన్‌లో మన సంచి చూసి కోడ్ స్కాన్ చేశాడట. అయిదు కిలోల శాంపిల్ అడిగాడు. మామ పంపాడు, ల్యాబ్ రిపోర్ట్ కాపీతో సహా. తేమ శాతం మీద బేరం నడుస్తోంది. నిన్న రాత్రి మళ్లీ వాయిస్ మెసేజ్: "అల్లుడూ, ఆయన రిప్లై ఇచ్చిండు, చైనీస్‌లో ఉంది, కాస్త చూసి చెప్పు. తొందరగా."